చెన్నై నుంచి టెంటు సెలవు: సముద్రమా, పల్లెటూరా అనేముందు నేలను చూడండి

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. పెరంబూరు నుంచి రెండు కుటుంబాలు, ఎనిమిది మంది. వారిలో 5, 8 ఏళ్ల పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారు. సంక్రాంతి సెలవుల్లో రెండు రాత్రులు టెంటులో ఉండాలని కోరిక. ఈసీఆర్, అంటే చెన్నై నుంచి తీరం వెంబడి వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద అలలకు దగ్గరగా టెంట్లు వేసే ఒక చోటి ఫొటోలు మీకు నచ్చాయి. మీవారు ఆంధ్ర వైపున్న నాగలాపురం కొండల్లో వాగు పక్కన ఉందామంటున్నారు. ఏది మంచిది, అసలు చోటును ఎలా ఎంచుకోవాలి అని అడిగారు.

మీ రెండు చోట్లూ వద్దంటాను. మీ కుటుంబానికి సరిపడేది ఊరికి ఆనుకున్న ఒక తోట. మామిడి, సపోటా వంటి చెట్లున్న మెరక నేల, రాత్రంతా మనిషి తోడుండే చోటు. చాలా ఏళ్లుగా పిల్లలతో, పెద్దవాళ్లతో ఇలాంటి ప్రయాణాలు చేయిస్తున్నాను. అందరూ టెంటు ఎంత బాగుందో చూస్తారు, అది నిలబడిన నేల ఎలాంటిదో అడగరు. ఫొటోలో కనిపించేది టెంటు, కానీ రాత్రి మిమ్మల్ని నిద్రపోనిచ్చేదైనా లేపి కూర్చోబెట్టేదైనా ఆ నేలే.

నెల సంగతి ముందు తేల్చుకోవాలి. చెన్నైకి ఏడాది మొత్తంలో కురిసే వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల కాలంలోనే, అంటే అక్టోబరు మూడో వారం నుంచి డిసెంబరు చివరిలోపు పడుతుంది. తుపాన్లూ ఎక్కువగా అప్పుడే. 2016 డిసెంబరు 12న వర్ధా నేరుగా నగరం మీదికే వచ్చింది. 2022 డిసెంబరులో మాండూస్ మామల్లపురం దగ్గర తీరం దాటింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గరే అయినా, చెన్నై వీధులు నీటిలో మునిగాయి. కాబట్టి ఆ మూడు నెలల్లో ఎంత తక్కువ ధరకు ఇస్తామన్నా టెంటు మాట ఎత్తవద్దు. మార్చి వచ్చేసరికి కొండల్లో గడ్డి ఎండిపోయి ఇంకో ప్రమాదం మొదలవుతుంది. 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు చుట్టుముట్టి, ట్రెక్కింగుకు వెళ్లినవారిలో 20 మందికి పైగా చనిపోయారు. చెన్నై నుంచి వెళ్లిన బృందం కూడా అందులో ఉంది. ఈ రెండింటి నడుమ, జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి చివరిదాకా మనకు దొరికేదే టెంటుకు అనువైన కాలం. మీరు ఎంచుకున్న నెల సరైనదే.

అయితే జనవరి అంటే వాన వెలిసిన నెల అని మాత్రమే అనుకోకండి. నేల ఇంకా తడి పీల్చుకుని ఉంటుంది, చెరువులు నిండుగా ఉంటాయి, తెల్లవారుజామున మంచు ధారగా కురుస్తుంది. పైన రెండో పొర కప్పని టెంటు అయితే వాన లేకపోయినా పొద్దునకల్లా పక్కబట్టలు తడిసిపోతాయి.

ఇప్పుడు ఈసీఆర్ సంగతి. సముద్రపు ఒడ్డున టెంటు అంటే ఇసుక మీద టెంటు. మామూలు మేకులు ఇసుకలో పట్టు నిలుపుకోవు. ఇసుక నింపిన సంచికి తాడు కట్టి, దాన్ని అడుగు లోతున అడ్డంగా పాతిపెడితేనే గాలికి ఆగుతుంది. జనవరిలో ఈశాన్యపు గాలి సముద్రం మీది నుంచే వీస్తుంది. అది తెచ్చే ఉప్పు తేమ బట్టలకూ, జిప్పులకూ, ఆహారానికీ పడుతుంది. పెద్దవాళ్లకు ఆ రాత్రి హాయిగా ఉండదు. ఇసుకలో నడవడమే మోకాళ్ల నొప్పులున్నవారికి కష్టం. అర్ధరాత్రి రెండు వందల అడుగులు ఇసుకలో నడిచి మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తే మీ అత్తగారు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. ఇలా నీళ్లు మానుకున్న పెద్దవాళ్లు మర్నాడు నీరసించిపోవడం చాలాసార్లు చూశాను.

ఒడ్డున చోటు చూడాలంటే పగటిపూట వెళ్లి ఇసుక మీది గుర్తులు చదవాలి. నాచు, గవ్వలు, ప్లాస్టిక్ ముక్కలు ఒక గీతలా పేరుకున్న చోటు ఉంటుంది. ఈ మధ్య పోటు అంతవరకు వచ్చిందన్నమాట. మన తీరంలో ఆటుపోట్ల తేడా పెద్దదేమీ కాదు, మీటరుకు కాస్త అటూ ఇటూ. కానీ అమావాస్యకూ పున్నమికీ నీరు ఇంకా పైకి వస్తుంది, గాలి తోడైతే మరింత. అందుకని ఆ గీతను కాక, ఇసుక మీద ఊదారంగు పూల తీగ దట్టంగా పాకిన చోటును హద్దుగా పెట్టుకోండి. సముద్రపు నీరు తరచూ ముంచెత్తని చోటే ఆ తీగ అంత దట్టంగా అల్లుకుంటుంది. టెంటు ఆ తీగకు వెనుకవైపున ఉండాలి, తీగ మీద కాదు. ఇసుకదిబ్బను కట్టిపడేసేది అదే. సరుగుడు తోటలో నీడ బాగుంటుంది, కానీ కింద పరుచుకున్న ఎండు ఆకులు నిప్పురవ్వకే అంటుకుంటాయి. అక్కడ చలిమంట వేస్తామనే నిర్వాహకుడి దగ్గర ఉండవద్దు.

ఇంకో మాట కాస్త గట్టిగానే చెప్పాలి. జనవరి నుంచి మార్చి వరకు మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట, చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న ఒడ్డునే ఎక్కుతాయి. వెలుగు కనిపిస్తే వెనక్కి తిరిగిపోతాయి. 45 నుంచి 60 రోజులకు గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుగున్న వైపు నడుస్తాయి. చీకటి ఒడ్డున అన్నిటికన్నా వెలుగుగా ఉండేది సముద్రమే కాబట్టి అవి నీటికి చేరతాయి. దీపాల తోరణాలు కట్టి, మంటలు వేసి, లౌడ్‌స్పీకర్లు పెట్టిన ఒడ్డున అవి రోడ్డు వైపు నడిచి చనిపోతాయి. చెన్నైలో విద్యార్థులు 1988లో మొదలుపెట్టిన స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ ఇప్పటికీ ఈ కాలంలో రాత్రుళ్లు ఒడ్డు వెంబడి నడిచి గుడ్లను భద్రమైన చోటికి చేరుస్తోంది. మీరు ఫొటోల్లో చూసిన చోట అలల దగ్గరిదాకా రంగు దీపాలు కనిపిస్తే, ఆ ఒక్క కారణంతోనే నేనైతే వద్దంటాను.

నేల ఎవరిదో కూడా అడగండి. కంచె లోపలి పట్టా భూమిలో టెంటు వేస్తారా, కంచె దాటి ఇసుకలోనా? ఇసుక వారి సొంతం కాదు. రాత్రి పోలీసులు వచ్చి ఖాళీ చేయమంటే నిద్రపోతున్న పిల్లలను భుజాన వేసుకుని లేవాల్సింది మీరే. పక్కన కుప్పం, అంటే మత్స్యకారుల పల్లె ఉంటే, పడవలు నీటిలోకి దిగే దారి ఏదో తెలుసుకోవాలి. తెల్లవారకముందే వాళ్ల పని మొదలవుతుంది. ఆ దారికి అడ్డంగా టెంటు వేయడం వాళ్ల జీవనానికి అడ్డుపడటమే.

నీటిలో దిగే విషయంలో నేను రాజీపడను. ఈసీఆర్ మీది కోవళం ఒడ్డుకు 2021లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, శుభ్రతా సదుపాయాలూ బాగున్నాయి. అయినా సముద్రం సముద్రమే. ఒడ్డుకు చేరిన నీరంతా ఒకచోట పోగై వేగంగా లోపలికి వెనుదిరిగే పాయలు ఈ తీరమంతా ఏర్పడుతుంటాయి. రెండు పక్కలా తెల్లటి నురగతో అలలు విరుగుతుంటే, మధ్యలో నురగ లేకుండా ప్రశాంతంగా కనిపించే భాగం ఉంటుంది. పిల్లలను దింపడానికి తల్లిదండ్రులు ఎంచుకునేది సరిగ్గా ఆ భాగాన్నే, ప్రమాదం ఉన్నదీ అక్కడే. దానిలో చిక్కుకున్నవారు ఒడ్డు వైపు ఈదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, పాయ దాటాక వెనక్కి రావాలి. లైఫ్‌గార్డు లేని చోట పిల్లలను పాదాలు తడిసేంతవరకే అనుమతించండి. వెళ్లేముందు హైదరాబాదులోని సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరికలూ, చెన్నై వాతావరణ కేంద్రం సూచనలూ చూడండి.

మీవారు చెప్పిన నాగలాపురం నిజంగా అందమైన చోటు. తెలుగు మాట్లాడే ఊళ్లు కాబట్టి దారి అడగడం తేలిక, చెన్నైకి దగ్గర. కానీ అది అడవి. అటవీశాఖ అనుమతి లేకుండా అడవిలో రాత్రి బస చేయడం నేరం. మేం తీసుకుంటామని నిర్వాహకుడు అంటే ఆ అనుమతి కాగితం మీ పేర్లతో ముందే చూపించమనండి. అంతకన్నా పెద్ద విషయం వాగు. ఇక్కడ వాన లేకపోయినా ఎగువ కొండల్లో పడితే, చీలమండ లోతు నీరు కాసేపట్లోనే నడుములోతు అవుతుంది. రాత్రి చీకట్లో ఆ శబ్దం దగ్గరికి వచ్చేదాకా తెలియదు. వాగు పక్కన ఎప్పుడు నిలబడినా పొదల కొమ్మలను చూడండి. ఎండు ఆకులు, గడ్డి, పాత బట్టపేలికలు కొమ్మలకు ఎంత ఎత్తున చిక్కుకుని ఉన్నాయో, వాగు అంత ఎత్తుకు ఒకప్పుడు వచ్చింది. ఆ గుర్తు కన్నా కింద ఎవరూ నిద్రపోకూడదు. ఇసుక మెత్తగా, చదునుగా ఉందని వాగు ఒడినే ఎంచుకుంటారు. దాన్ని చదును చేసింది వరదే. ఉబ్బలమడుగు జలపాతానికైనా ఇదే మాట. మీ ఇద్దరు పిల్లలూ పదేళ్లు దాటాక, పెద్దవాళ్లు లేకుండా, అనుమతితో, పగటి నడకకు వెళ్లి రండి.

పులికాట్ సరస్సు గురించి కూడా చాలామంది అడుగుతారు. జనవరిలో రాజహంసలు చూడటానికి దానికి సాటి లేదు, కానీ చూసి రావాల్సిన చోటే తప్ప రాత్రి ఉండాల్సినది కాదు. బురద, దోమలు, పక్షుల రక్షిత ప్రాంతం. అక్కడ పడవ ఎక్కితే అందరికీ లైఫ్ జాకెట్ ఉండాల్సిందే. 2011 డిసెంబరు 25న ఆ సరస్సులో పడవ బోల్తాపడి 22 మంది చనిపోయారు.

ఇక నేను చెప్పే తోట. పక్షుల కేంద్రం ఉన్న వేడంతాంగల్, దానికి దగ్గరి ఉత్తరమేరూరు చుట్టుపక్కల చూడండి. తాంబరం మీదుగా దక్షిణానికి వెళ్లే జీఎస్‌టీ రోడ్డు (గ్రాండ్ సదరన్ ట్రంక్ రోడ్డు) మీద చెంగల్‌పట్టు దాటి పడాలం దగ్గర తిరిగితే వేడంతాంగల్. జనవరిలో ఆ చెరువు చెట్లన్నీ కొంగలతో, నత్తగుల్లకొంగలతో, తెల్ల కంకణం పక్షులతో నిండి ఉంటాయి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువుతో సమానమని తెలిసిన రైతులు తరతరాలుగా ఆ పక్షులను కాపాడుకుంటూ వచ్చారు. పక్షుల కేంద్రం లోపల టెంటుకు వీలులేదు, ఆ చుట్టుపక్కల ఊళ్ల తోటల్లోనే చూడాలి. ఉత్తరమేరూరులో పదో శతాబ్దపు చోళుల శాసనం ఉంది. ఊరి సభకు సభ్యులను కుండలో పేర్ల చీటీలు వేసి ఎలా ఎన్నుకోవాలో గోడల మీద చెక్కించారు. 8 ఏళ్ల పిల్లకు కథలా చెప్పవచ్చు.

తోట అన్నంత మాత్రాన సరిపోదు, అక్కడా నేలను చూడాలి. చెరువు నిండుగా ఉన్న నెల కాబట్టి అలుగు పారే దారిలోనూ, కట్టకు దిగువన చెమ్మ ఊరే చోటా వద్దు. ఒక చెంబెడు నీళ్లు నేల మీద పోసి చూడండి. పది నిమిషాలకు కూడా గుంటలో నిలిచే ఉంటే అది బంకమట్టి, చిన్న జల్లుకే టెంటు కింద మడుగు కడుతుంది. ఇంకిపోయే ఎర్రనేల, ఒకవైపుకు కొంచెం వాలు ఉన్నది మంచిది. తల మెరకవైపు పెట్టుకుని పడుకోవచ్చు. కొబ్బరిచెట్టు కింద ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. కాయే కాదు, ఎండుమట్ట పడినా పిల్లకు ప్రాణాపాయమే. తాటిచెట్టుకూ ఇదే మాట. వరిపొలం గట్టు కూడా వద్దు. పొంగల్ వేళకు సాంబా వరి కోతలు నడుస్తుంటాయి. పొలం కోశాక ఎలుకలు గట్లమీదికి, గడ్డివాముల్లోకి చేరతాయి, వాటి వెంట పాములూ వస్తాయి.

పాముల గురించి భయపెట్టడానికి చెప్పడం లేదు, భయం తగ్గడానికే చెబుతున్నాను. మన ప్రాంతంలో ఎక్కువ మరణాలకు కారణమయ్యేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. వీటిలో కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవారి పక్కల్లోకి వస్తుంది. దాని కాటు పెద్దగా నొప్పి పెట్టదు కాబట్టి నిద్రలో తెలియకపోవచ్చు. అందుకే అడుగు బట్ట గోడలకు కలిపి కుట్టిన టెంటే కావాలి, జిప్పు ఎప్పుడూ చివరిదాకా మూసి ఉండాలి, చెప్పులు తొడిగేముందు దులపాలి, రాత్రి కాలు బయట పెడితే చేతిలో టార్చి ఉండాలి. పొద్దున లేవగానే ఎవరికైనా కనురెప్పలు వాలిపోతున్నా, కడుపునొప్పి అన్నా, కాటు కనిపించకపోయినా ఆసుపత్రికే. తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ చేయకూడదు. కాలూ చేయీ కదలకుండా ఉంచి 108కి ఫోను చేయాలి. వీలైతే బయలుదేరేలోపు ఒక ఆదివారం వడనెమ్మేలిలోని మొసళ్ల పార్కుకు పిల్లలను తీసుకెళ్లండి. 1978లో ఏర్పడిన ఇరుల తెగవారి సహకార సంఘం అక్కడే పాముల నుంచి విషం తీస్తుంది. మన దేశంలో విరుగుడు మందు తయారీకి వెళ్లే విషంలో చాలా భాగం ఆ ఇరుల చేతుల మీదుగానే వస్తుంది. దగ్గరి నుంచి చూసిన పిల్లలు పామంటే కేకలు వేయరు, జాగ్రత్తగా ఉంటారు.

పాము కన్నా తక్కువ మందికి తెలిసిన ప్రమాదం ఇంకొకటి ఉంది. చలికాలంలో తమిళనాడులో స్క్రబ్ టైఫస్ జ్వరాలు పెరుగుతాయి. పొదలు, ఎత్తైన గడ్డి ఉన్న చోట కంటికి కనిపించనంత చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది. గడ్డి కోసి శుభ్రం చేసిన చోట టెంటు వేయించండి. గడ్డిలో నేరుగా కూర్చోనివ్వకండి, తిరిగి రాగానే స్నానం చేయించి బట్టలు వేడినీళ్లలో ఉతకండి. వచ్చిన రెండు వారాల్లో ఎవరికి జ్వరం వచ్చినా టెంటులో ఉండి వచ్చామని డాక్టరుకు మొదటే చెప్పండి. చంకలోనో, నడుము దగ్గరో సిగరెట్టు కాల్చినట్టు నల్లటి మచ్చ ఉందేమో చూడమనండి. ముందే గుర్తిస్తే మామూలు మాత్రలతో తగ్గిపోయే జబ్బు, ఆలస్యమైతే ప్రాణం మీదికి తెస్తుంది.

నిర్వాహకుడితో ఫోనులో మాట్లాడేటప్పుడు ప్రచారం ఫొటోలు కాక, మీకిచ్చే టెంటు చోట నిలబడి చుట్టూ తిరుగుతూ సాయంత్రం పూట తీసిన వీడియో పంపమనండి. ఇష్టంలేనివాడు అక్కడే సాకులు మొదలుపెడతాడు. రాత్రి అక్కడ ఎవరు పడుకుంటారు? ఆ ఊరి మనిషేనా, అతని దగ్గర వాహనం ఉంటుందా? విషం విరుగుడు మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి ఎంతసేపు? ఈ మూడింటికి తడుముకోకుండా జవాబు చెప్పే మనిషి దొరికితే మిగతావన్నీ సర్దుకుంటాయి. 2021 జనవరిలో వయనాడ్ జిల్లా మేప్పాడిలో టెంటు బసలో ఉన్న ఒక యువతిని ఏనుగు చంపింది. ఆ తరువాతే అధికారులు అనుమతుల్లేని బసలను మూయించారు. అనుమతి, రాత్రి కాపలా అనేవి కాగితం లాంఛనాలు కావని అప్పుడు అందరికీ తెలిసింది. అదే రాత్రికి ఇంకెవరికి టెంట్లు ఇచ్చారో కూడా అడగండి. మద్యం, డీజే పాటలతో వచ్చే కుర్రాళ్ల బృందం పక్కనే ఉంటే మీ పిల్లలకు నిద్ర ఉండదు. తుపాను హెచ్చరిక వస్తే డబ్బు తిరిగి ఇస్తామని వాట్సాప్‌లో రాయించుకోండి.

నలుగురి టెంటు అని రాసి ఉంటే ముగ్గురికి సరిపోతుందని లెక్కవేసుకోండి, ఎనిమిది మందికి మూడు కావాలి. బొగ్గుల కుంపటి చలికని లోపల పెట్టవద్దు, దాని పొగలోని విషవాయువు నిద్రలోనే చంపుతుంది. మీ అత్తగారిని నేలమీద పడుకోబెట్టకండి. మడతమంచం పట్టేంత ఎత్తు టెంటు అడగండి, లేదా అదే తోటలో ఒక గది ఉన్న చోటు చూసి ఆమెకు గది, మీకు టెంట్లు తీసుకోండి. కుర్చీలాంటి మరుగుదొడ్డి ఉండాలి, దారిలో రాత్రంతా ఒక దీపం వెలగాలి.

తేదీల సంగతి. భోగినాడు తెల్లవారుజామున చెన్నై చుట్టూ మంటల పొగ, మంచు కలిసి దారి కనిపించదు, ఆ పొద్దున కారు తీయకండి. ముందురోజు సాయంత్రం తాంబరం, పెరుంగళత్తూరు దగ్గర సొంతూళ్లకు వెళ్లేవారి రద్దీ విపరీతం. పండుగనాడు పొంగలి ఇంట్లో వండుకుని, భోజనం చేసి మధ్యాహ్నానికల్లా బయలుదేరండి. ఆరింటికి చీకటి పడుతుంది, టెంటు చోటు వెలుగులోనే చూసుకోవాలి. కనుమనాడు కాకైనా కదలదని మీ అత్తగారు అంటారేమో. ఆ రోజు ఎలాగూ తోట కదలనవసరం లేదు. ఊళ్లో మాట్టు పొంగల్ జరుగుతుంది, ఎడ్ల కొమ్ములకు రంగులు వేసి, పూలదండలు కట్టి ఊరేగించడం పిల్లలకు అక్కడే కనిపిస్తుంది. ముక్కనుమ పొద్దున తిరుగు ప్రయాణం. ఆ రోజు కాణుం పొంగల్ కాబట్టి మామల్లపురం, ఈసీఆర్ వైపు వెళ్లకండి. లక్షల జనం ఒడ్డు చేరతారు, పోలీసులు నీటిలోకి దిగనివ్వరు. సముద్రం చూపించాలంటే ఫిబ్రవరిలో ఒక ఆదివారం తెల్లవారుజామున కోవళం వెళ్లి, ఎండ ముదిరేలోపు ఇంటికి వచ్చేయండి.

మీరు మాట్లాడిన చోటి వీడియో వచ్చాక, నేల ఏ రంగు, చెట్లు ఏవి, చెరువు ఎటువైపు ఉందో ఇక్కడే రాయండి. బయానా కట్టేముందు చూసి చెబుతాను.